పాలపళ్ళే కదా అనుకున్నాను

మొన్న శ్రావణ శుక్రవారం నాడు మా వీధిలోకి కొత్తగా వచ్చిన వాళ్ళింటికి పేరంటానికి వెళ్ళాను. కాళ్ళకి పసుపు రాసి, శనగలూ తాంబూలమూ చేతిలో పెడుతూ ఆ ఇంటి కోడలు తన అయిదేళ్ళ కొడుకుని చూపించింది. "వీడికి గుండెలో చిన్న చిల్లుందండీ. పుట్టినప్పుడే చెప్పారు. భయం లేదు, దానంతటదే పూడిపోవచ్చు అన్నారు. అందుకే పాపం, వాడేది అడిగినా కాదనను" అంది.

వాడు నా వంక చూసి నవ్వాడు. ముందుపళ్ళు నాలుగూ నల్లబడి, చిగురుదాకా అరిగిపోయి ఉన్నాయి. నా చూపు ఎక్కడుందో కనిపెట్టినట్టుంది, "పాలపళ్ళే కదండీ, ఎలాగూ ఊడిపోయేవే" అంది నవ్వుతూ.

పేరంటంలో అందరి ముందూ ఏం మాట్లాడతాను? శనగల పొట్లం పట్టుకుని ఇంటికొచ్చాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు. సరిగ్గా ఇదే మాట నేనూ అన్నాను. ఆ మాటకి నేను కట్టిన ఖరీదు ఆరు వారాల ఆస్పత్రి, మా అమ్మాయి బరువులో అయిదు కిలోలు.

మా అమ్మాయిని ఇంట్లో చిన్ని అంటాం. మూడో నెలలో పాలు తాగుతుంటే ఆయాసం, నుదుటి నిండా చెమటలు. చూపిస్తే గుండె కింది గదుల మధ్య గోడకి పెద్ద చిల్లు ఉందన్నారు. 2014లో, ఏడాదిన్నర వయసులో, హైదరాబాదులో ఆపరేషన్ చేసి ఆ చిల్లుకి ప్యాచ్ వేశారు. మన చీరకి మాసిక వేసినట్టే అనుకోండి. పిల్ల ఒళ్ళు చేసింది, పరుగులు పెట్టింది, బళ్ళో చేరింది. ప్యాచ్ అంచున సన్నటి లీకు మిగిలిందనీ, దానివల్ల ప్రమాదం లేదనీ, ఏడాదికోసారి చూపించుకోమనీ కాగితం రాసిచ్చారు. ఆ కాగితం చివర్న, పళ్ళకి ఏ వైద్యం చేయించినా ముందు గుండె సంగతి ఆ డాక్టరుకి చెప్పాలనీ, యాంటీబయాటిక్ వేయించాలనీ కూడా రాశారు. నేను బి.ఎస్సీ. చదివాను. కథలు రాస్తాను. నాకు చదవడం రాక కాదు. ఆపరేషన్ అయిపోయింది, ఇక ఆ మాటే వద్దు అనుకుని దాన్ని బీరువాలో పట్టుచీరల అడుగున పెట్టేశాను.

ఆ మాట వద్దనుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా అత్తయ్య చెడ్డమనిషి కాదు, మనవరాలంటే ప్రాణం. కానీ ఆపరేషనయి ఇంటికొచ్చిన రోజునే నన్ను వంటింట్లోకి పిలిచి, "ఆడపిల్ల. గుండె ఆపరేషన్ అని నలుగురికీ తెలిస్తే రేపు దాని పెళ్ళికి అడ్డు. ఎవరైనా అడిగితే న్యుమోనియా అని చెప్పు" అంది. ఆవిడ అన్నదని ఇప్పుడు ఆవిడ మీద తోసెయ్యడం తప్పు. నాకూ అదే నయమనిపించింది. చిన్ని గౌనుకి మెడ దగ్గర ఎత్తుగా కుట్టించేదాన్ని, మచ్చ కనపడకుండా.

2022లో, దానికి తొమ్మిదేళ్ళప్పుడు, దీపావళికి ముందు దవడపన్ను పిప్పి పట్టి బుగ్గ వాచింది. అప్పటికి ఏడాదిగా ఆ పన్నుకి గుంట ఉంది, తెలుసు. లవంగం నూనె పెట్టి ఊరుకుంటున్నాను. పాలపన్నే కదా! ఇక లాభంలేక పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆయన పద్ధతిగానే అడిగారు: "పాపకి ఇదివరకు పెద్ద జబ్బులేమైనా ఉన్నాయామ్మా? ఆపరేషన్లేమైనా అయ్యాయా?" బల్ల మీద మా వీధివాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు. "ఏమీ లేవండీ" అన్నాను.

పన్ను పీకారు. ఐస్‌క్రీం తిని ఇంటికొచ్చాం.

పది పన్నెండు రోజులకి సాయంత్రం పూట ఒళ్ళు వెచ్చబడడం మొదలైంది. నూటికి మించదు. పొద్దున్నకి తగ్గిపోతుంది. జలుబు లేదు, దగ్గు లేదు. పిల్ల మాత్రం బడినుంచి రాగానే బ్యాగు వేసుకునే పడుకునేది. అన్నం ముట్టదు. మోకాళ్ళు నొప్పులంది. రక్తపరీక్షలో టైఫాయిడ్ ఉన్నట్టు అనుమానంగా వచ్చింది. అయిదు రోజులు మందులు వాడాం, తగ్గింది. మానేసిన నాలుగోరోజు మళ్ళీ వచ్చింది. ఇంకో మందు వాడాం. మళ్ళీ తగ్గింది, మళ్ళీ వచ్చింది. అక్కడా, ఆ డాక్టరు గారికీ నేను గుండె సంగతి చెప్పలేదు. అలా మూడు వారాలు గడిచాయి. ఓ రోజు స్నానం చేయిస్తుంటే పక్కటెముకలు లెక్కపెట్టగలిగాను. ఆ రాత్రి మావారు బీరువా తెరిచి పట్టుచీరలన్నీ మంచంమీద పడేసి ఆ కాగితం బయటికి తీశారు.

గుండె డాక్టరు గారు స్టెతస్కోపు పెట్టక ముందే అడిగిన మొదటి ప్రశ్న: "ఈ మధ్య పన్నేమైనా పీకించారా?"

రెండో ప్రశ్న: "జ్వరానికి యాంటీబయాటిక్ ఏమైనా వాడారా?" రెండింటికీ అవుననే చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

గుండెలో కాపురం

ఆ జబ్బు పేరు ఇన్‌ఫెక్టివ్ ఎండోకార్డైటిస్. పేరు నోరు తిరగదు గానీ సంగతి ఆడవాళ్ళం మనకి తేలిగ్గానే అర్థమవుతుంది. గుండె గదులకీ కవాటాలకీ లోపలివైపు నున్నటి పొర ఒకటి ఉంటుంది, మంచి జాకెట్టుకి లోపల వేసిన లైనింగులాగా. రక్తం సాఫీగా పారినంత కాలం దానికేమీ కాదు. చిల్లున్న చోట, సరిగ్గా మూసుకోని కవాటమున్న చోట, రక్తం చిమ్మినట్టు వేగంగా వచ్చి కొడుతుంది. తూము దగ్గర కాలవగట్టు కోసుకుపోయినట్టు అక్కడి పొర గీరుకుపోతుంది. ఆ గీరిన చోట రక్తం కొంచెం పేరుకుని పక్కు కడుతుంది. సరిగ్గా ఆ సమయానికి రక్తంలో ఏ సూక్ష్మజీవులైనా తిరుగుతుంటే ఆ పక్కుని అంటిపెట్టుకుంటాయి. పైన మళ్ళీ పొర కట్టుకుని లోపల పిల్లాపాపలతో కాపురం పెట్టేస్తాయి. మామూలు మోతాదులో మనం మింగే మాత్రలు ఆ పొర దాటి లోపలికి పోవు. పైపైవి చస్తాయి, జ్వరం తగ్గుతుంది. మందు మానగానే మిగిలినవి మళ్ళీ లేస్తాయి. మా చిన్నికి మూడు వారాలు జరిగింది ఇదే.

ఆ గడ్డకట్టిన దాన్ని డాక్టర్లు 'వెజిటేషన్' అంటారు. ఎకో పరీక్షలో నాకు చూపించారు, ప్యాచ్ అంచున పెసరబద్దంత ఉంటుందేమో, గుండె కొట్టుకున్నప్పుడల్లా అల్లల్లాడుతోంది. ఆ ముక్క తెగి రక్తంలో కొట్టుకుపోతే ఉన్న చోటుని బట్టి ఊపిరితిత్తులకో, మెదడుకో, మూత్రపిండాలకో అడ్డం పడుతుంది. కవాటాల్ని కొరికేస్తుంది కూడా. 1940లలో పెన్సిలిన్ వాడుకలోకి వచ్చేదాకా ఈ జబ్బు వచ్చి బతికి బయటపడ్డవాళ్ళు చాలా అరుదు. ఇవాళ మందులున్నా దీనివల్ల ప్రాణాలు పోతూనే ఉన్నాయి.

భయపెట్టాలని రాయడం లేదు. గుండెజబ్బు ఉన్న పిల్లలందరికీ ఇది రాదు. చాలా తక్కువమందికి వస్తుంది. కానీ వచ్చేవాళ్ళకి ఎక్కువగా ఏ దారిన వస్తుందో తెలుసు కాబట్టి చెబుతున్నాను.

జ్వరం దిగలేదని తొందరపడి యాంటీబయాటిక్ వేస్తే జరిగే నష్టం ఇంకొకటి ఉంది. ఈ జబ్బుని తేల్చేది బ్లడ్ కల్చర్. రక్తం తీసి సీసాలో ఉంచి, అందులో ఏ సూక్ష్మజీవి పెరుగుతుందో చూస్తారు. ఒక్కసారి కాదు, కొంత వ్యవధితో, వేరువేరు చోట్ల నుంచి, మామూలుగా మూడుసార్లు తీస్తారు. ఏ మందు పనిచేస్తుందో కూడా దాంట్లోనే తెలుస్తుంది. ఒంట్లో అప్పటికే యాంటీబయాటిక్ ఉంటే సీసాలో ఏదీ పెరగదు, జబ్బు మాత్రం లోపల అలాగే ఉంటుంది. చిన్నికి మొదటిసారి తీసిన రక్తంలో ఏమీ రాలేదు. పిల్ల పరిస్థితి నిలకడగా ఉంది కాబట్టి మందులన్నీ ఆపి, రోజులు లెక్కపెట్టుకుంటూ, మళ్ళీ తీశారు. కళ్ళెదుట బిడ్డ జ్వరంతో మూలుగుతుంటే మందు వెయ్యకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో అనుభవిస్తేగానీ తెలియదు. చివరికి బయటపడింది, అందరి నోళ్ళలోనూ ఉండే స్ట్రెప్టోకాకస్ జాతిదే. నీదీ నాదీ మనందరి నోట్లోనూ ఉన్నదే!

ప్యాచ్ ఉంది కాబట్టి ఆరు వారాలు రక్తనాళంలోకి మందు ఎక్కించారు. వెజిటేషన్ కరిగింది. మళ్ళీ ఆపరేషన్ అవసరం రాలేదు, అది మా అదృష్టం. వార్డులో మా పక్క మంచం పిల్లాడికి అవసరమైంది.

ఆ ఆరు వారాల్లో నేను చేసిన పనికొచ్చే పని ఒక్కటే. కథలు రాసుకునే నోటుపుస్తకంలో రోజుకి నాలుగుసార్లు జ్వరం ఎంతుందో, ఏ మందు ఏ టైముకి ఇచ్చారో రాసిపెట్టాను. డ్యూటీ మారినప్పుడల్లా నర్సమ్మలు నా పుస్తకమే అడిగేవాళ్ళు.

పన్ను పీకినందుకేనా?

డిశ్చార్జి రోజున డాక్టరు గారిని అడిగేశాను. "నేను ఆరోజు నోరు విప్పి చెప్పి ఉంటే, ముందు మాత్ర వేసి ఉంటే, ఇది వచ్చేది కాదు కదా?" ఆయన చెప్పిన జవాబు నేను ఊహించింది కాదు. "వచ్చేది కాదని నేను చెప్పలేనమ్మా. పన్ను పీకింది ఒక్కరోజు. పిప్పిపన్నుతో, వాచిన చిగురుతో అన్నం నమిలింది ఏడాది. నమిలినప్పుడల్లా, బ్రష్ చేసినప్పుడల్లా ఆ చీము దగ్గర్నుంచి సూక్ష్మజీవులు రక్తంలోకి పోతూనే ఉన్నాయి. మాత్ర వేయించాల్సింది, నిజమే. దానికన్నా ముందు ఆ పన్నుని అంతదాకా రానివ్వకుండా ఉండాల్సింది."

ఇంటికొచ్చాక ఈ సంగతి గురించి దొరికిందల్లా చదివాను. ఆయన చెప్పినది ఆయన సొంత అభిప్రాయం కాదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ళు 1955లోనే ఈ జబ్బు రాకుండా పంటి వైద్యానికి ముందు యాంటీబయాటిక్ ఇవ్వాలని చెప్పారు. ఏళ్ళ తరబడి గుండెలో చిన్న తేడా ఉన్న ప్రతివాళ్ళకీ ఇచ్చేవాళ్ళు. 2007లో ఆ లెక్క మార్చేశారు. ఎప్పుడో ఒకసారి పన్ను పీకించడం కన్నా రోజూ నమలడం, తోముకోవడం వల్లే సూక్ష్మజీవులు ఎక్కువసార్లు రక్తంలోకి పోతాయనీ, మాత్ర వల్ల ఆగే కేసులు చాలా కొద్దనీ, అందరికీ మందు పోస్తే మందుకి లొంగని సూక్ష్మజీవులు తయారవుతాయనీ చెప్పి, అందరికన్నా ఎక్కువ ప్రమాదమున్న వాళ్ళకే మాత్ర మిగిల్చారు. 2021లో మళ్ళీ పరిశీలించి అదే ఖాయం చేశారు. ఇంగ్లాండులో 2008లో ఇంకా ముందుకెళ్ళి అసలు ఎవరికీ అక్కర్లేదన్నారు. 2016కి వచ్చేసరికి 'అలవాటుగా అందరికీ అక్కర్లేదు' అని ఆ మాటనే కొంచెం సడలించారు. పెద్దపెద్ద వైద్యులకే ఇంత తర్జనభర్జన అయితే, మనం పక్కింటావిడ చెప్పిందని మాత్ర వెయ్యడమూ తప్పే, మానెయ్యడమూ తప్పే.

మరి మాత్ర ఎవరికి? కృత్రిమ కవాటం ఉన్నవాళ్ళకి. ఇదివరకు ఒకసారి ఈ జబ్బు వచ్చినవాళ్ళకి, అంటే ఇప్పుడు మా చిన్నికి జీవితాంతం. పుట్టుకతో ఒళ్ళు నీలంగా మారే గుండెజబ్బు ఉండి ఇంకా ఆపరేషన్ కాని పిల్లలకి. ప్యాచ్‌గానీ, చిల్లు మూసే పరికరంగానీ వేసి పూర్తిగా మూసిన పిల్లలకి మొదటి ఆరు నెలలు. ప్యాచ్ పక్కన లీకు మిగిలితే ఆరు నెలలు దాటినా కూడా. గుండె మార్పిడి జరిగి, ఆ కొత్త గుండెలో కవాటం దెబ్బతిన్న వాళ్ళకి. చిన్న చిల్లు ఉండి ఆపరేషనే అక్కర్లేదన్న పిల్లలు ఈ లెక్కలోకి రారు. మీ పిల్ల ఏ వరసలో ఉందో గుండె డాక్టరుని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఏడెనిమిదేళ్ళ కిందటి కాగితం ఉంటే మళ్ళీ అడగండి.

ఇచ్చేది కూడా కోర్సు కాదు, ఒకే ఒక్క మోతాదు. మామూలుగా అమాక్సిసిల్లిన్, పిల్ల బరువులో కిలోకి 50 మిల్లీగ్రాముల లెక్కన, 2 గ్రాములు దాటకుండా, వైద్యానికి అరగంట నుంచి గంట ముందు. మరిచిపోతే రెండు గంటలలోపు తర్వాతైనా ఇవ్వచ్చు. పెన్సిలిన్ పడని పిల్లలకి వేరే మందులున్నాయి, అది డాక్టరు తేల్చాలి. చిగుళ్ళని కదిలించే పనులకీ, పన్ను పీకడానికీ, వేరు దగ్గర చేసే వైద్యానికీ ఇది కావాలి. పంటి ఎక్స్‌రేకి అక్కర్లేదు. పాలపన్ను దానంతటదే ఊడితే అక్కర్లేదు. ఆడుకుంటూ పడి పెదవి చిట్లితే అక్కర్లేదు. ఈ చివరి రెండూ నేను పనిగట్టుకుని అడిగి తెలుసుకున్నాను, ఎందుకంటే ఆ తర్వాత చిన్ని పన్ను ఊగినప్పుడల్లా నాకు గుండె దడ వచ్చేది.

మన ఇళ్ళల్లో పళ్ళ సంగతి

గుండెజబ్బు పిల్లల పళ్ళు మిగతా పిల్లల పళ్ళకన్నా త్వరగా పాడవడానికి మన ముద్దే చాలావరకు కారణం. బరువు పెరగడం లేదని గంటగంటకీ ఏదో ఒకటి నోట్లో పెడతాం. ఏడిస్తే ఆయాసం వస్తుందని రాత్రంతా పాలసీసా నోట్లోనే ఉంచుతాం. రోజూ ఇచ్చే సిరప్పుల్లో చాలావాటికి తియ్యదనం పంచదారతోనే వస్తుంది, అవి తాగించాక నోరు కడగం. పైగా 'వాడి ప్రాణమే గండం, చాక్లెట్ కూడా వద్దంటామా' అని చుట్టాలందరూ చాక్లెట్లు. మా ఇంట్లోనూ ఇవన్నీ జరిగాయి. ఒక్కటి కూడా తప్పలేదు.

పాలపళ్ళు ఊడిపోయేవే, నిజమే. ఎప్పుడు? వెనకవైపు పాల దవడపన్ను ఊడేది పది నుంచి పన్నెండేళ్ళ మధ్య. అంటే రెండేళ్ళప్పుడు వచ్చినది ఎనిమిది, తొమ్మిదేళ్ళు అన్నం నమిలిపెట్టాలి. అన్నాళ్ళూ అందులో చీము ఉంచుకుంటే?

మొదటి పన్ను కనపడిన రోజునుంచే తోమాలి. మూడేళ్ళ లోపు పిల్లలకి ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి బఠాణీ గింజంత చాలు. టీవీ ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ పొడుగునా పామక్కర్లేదు. పొద్దున్నా, రాత్రి పడుకునే ముందూ. రెండింట్లో రాత్రిదే ముఖ్యం, మన ఇళ్ళల్లో ఎగ్గొట్టేదీ అదే. రాత్రి తోమాక మంచినీళ్ళు తప్ప ఇంకేం ఇవ్వకూడదు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్లలు తోముకున్నాక మనం మరోసారి తోమాలి. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు గరగర పెట్టి చిగుళ్ళు చెక్కుకుపోయేలా రుద్దడం వద్దు. ఇంకొకటి. చిగుళ్ళనుంచి రక్తం వస్తోందని, గుండెజబ్బు పిల్ల కదా అని బ్రష్ మానిపించిన ఓ తల్లి మా వార్డులోనే ఉంది. తలకిందుల పని అది. పాచి పేరుకున్నకొద్దీ చిగురు ఇంకా వాస్తుంది, ఇంకా రక్తం వస్తుంది. మెత్తటి బ్రష్‌తో తోముతూనే పళ్ళ డాక్టరుకి చూపించాలి.

ఏడాది నిండేలోపు ఒకసారి, ఆ తర్వాత ఆరునెలలకోసారి పళ్ళు చూపించమంటారు. నొప్పి లేకుండా పళ్ళ డాక్టరు దగ్గరికి ఎవరు వెళతారండీ అని నేనే అనేదాన్ని. గుండె ఆపరేషన్‌కి తేదీ ఇచ్చేముందు పళ్ళు బాగున్నాయని రాయించుకు రమ్మని చాలా ఆస్పత్రుల్లో అడుగుతారు. తిప్పించడానికి అనుకుని విసుక్కోకండి, కారణం ఇదే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకీ, ప్రభుత్వ బడులకీ వచ్చి పిల్లల్ని పరీక్షించే బృందాలు చూసే జబ్బుల జాబితాలో పుట్టుకతో వచ్చే గుండెజబ్బూ ఉంది, కీళ్ళవాతం వల్ల వచ్చే గుండెజబ్బూ ఉంది, పిప్పిపళ్ళూ ఉన్నాయి. మూడూ ఒకే కాగితం మీద! వాళ్ళొచ్చిన రోజున పిల్లని బడి మాన్పించకుండా పంపండి. ప్రతి వెయ్యిమంది పసివాళ్ళలో ఎనిమిది, తొమ్మిదిమందికి గుండెలో ఏదో ఒక తేడాతో పుడతారని అంచనా. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మన ఊళ్ళలో ఎంతోమంది పేదింటి పిల్లలకి ఈ ఆపరేషన్లు జరిగాయి. ఆ పిల్లలిప్పుడు కాలేజీలకి వెళుతున్నారు. వాళ్ళ కాగితాలు ఏ పట్టుచీరల కింద ఉన్నాయో!

చర్మం గురించి రెండు ముక్కలు. ఒంటిమీద గడ్డలు, గజ్జి, చీము పట్టిన పుండ్లు ఉంటే వాటిలోని సూక్ష్మజీవులు కూడా ఇదే దారి పడతాయి, వాటిలో కొన్ని నోటివాటికన్నా మొండివి. గడ్డని సూదితో పొడవద్దు, మొటిమలు గిల్లనివ్వద్దు, గోళ్ళు కొరకనివ్వద్దు. చెవులు కుట్టించకుండా ఆడపిల్లని ఎలా ఉంచుతామని మా అత్తయ్య కంటతడి పెట్టింది. డాక్టరుని అడిగితే, జాతర్లో కాదు, ఇంటికొచ్చే వాళ్ళతో కాదు, ఆస్పత్రిలో శుభ్రంగా, ఒంట్లో ఏ జ్వరమూ లేనప్పుడు కుట్టించి, మానేదాకా కనిపెట్టి చూడమన్నారు. ముక్కు, నాలుక, బొడ్డు, పచ్చబొట్టు వద్దే వద్దన్నారు. ఈ కాలం పిల్లలకి ఆ చివరివాటి మీదే మోజు.

కీళ్ళవాతపు జ్వరం వచ్చి కవాటాలు దెబ్బతిన్న పిల్లలకి మూడు, నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అది ఆ జ్వరం మళ్ళీ రాకుండా ఇచ్చేది. దానివల్ల పంటి వైద్యానికి కూడా రక్ష ఉందనుకోకూడదు. పైగా ఆ ఇంజెక్షన్లు తీసుకునే వాళ్ళ నోట్లో పెన్సిలిన్‌కి లొంగని సూక్ష్మజీవులు ఉండే అవకాశముంది కాబట్టి, మాత్ర అవసరమైతే వేరే రకం ఎంచుకుంటారు. ఇంజెక్షన్ సంగతి పళ్ళ డాక్టరుకి చెబితేనే ఆయనకి తెలిసేది.

మళ్ళీ చెప్పడం దగ్గరికే వచ్చాం. నేనిప్పుడు ఒక చిన్న అట్టముక్క మీద చిన్నికి ఉన్న లోపం పేరు, ఆపరేషన్ తేదీ, ప్యాచ్ సంగతి, ఎండోకార్డైటిస్ వచ్చిన ఏడాది, గుండె డాక్టరు ఫోన్ నెంబరు రాసి, దాని స్కూలు బ్యాగులో ఒకటి, నా పర్సులో ఒకటి పెట్టాను. కారణం తెలియని జ్వరం మూడురోజులు దాటితే ఆ అట్ట తీసుకుని నేరుగా గుండె డాక్టరు దగ్గరికే. మందుల షాపులో అడిగి ఒక్క యాంటీబయాటిక్ మాత్ర కూడా వెయ్యను. గొంతునొప్పి అని తెలుస్తూనే ఉన్నా సరే, చూసే డాక్టరుకి ముందు గుండె సంగతి చెప్పి, ఆ తర్వాతే గొంతు సంగతి. మా అత్తయ్య ఇప్పుడు నాకన్నా ముందే చెప్పేస్తుంది, ఆటోవాడికి కూడా. పెళ్ళి సంగతి అడిగితే, "ఇష్టమైనవాడు చేసుకుంటాడులే, పిల్ల ఉండాలిగా" అంటుంది.

పేరంటం అయిన మర్నాడు ఆ కోడలింటికి వెళ్ళి, ఇక్కడ రాసినదంతా చెప్పాను. పాపం బెదిరిపోయి, "ఆ మాత్ర పేరేంటండీ, ఇవాళే తెప్పిస్తాను" అని లేచింది. కూర్చోబెట్టడానికి ఇంకో అరగంట పట్టింది. నాలుగు రోజుల తర్వాత గుండె డాక్టరుకి చూపించుకుని వచ్చారు. చిల్లు ఇంకా చిన్నదైందట, వాడికి ఏ మాత్రా అక్కర్లేదన్నారట. పళ్ళ డాక్టరు మాత్రం రెండు పళ్ళు తీసెయ్యాలి, మూడు పూడ్చాలి అన్నారట. మొదటిది నిన్న పూడ్చారు.

రాత్రి ఫోన్ చేసి, "వాడు ద్రాక్షపండు వాసనొచ్చే పేస్టయితేనే తోముకుంటానంటున్నాడండీ, కొనచ్చా?" అని అడిగింది. కొనమన్నాను, డబ్బా వెనక ఫ్లోరైడ్ అని ఉందో లేదో చూసి.